పుస్తకాలు కొనకూడని గ్రంథాలయ చట్టం

(మహాసభల సాహిత్య వేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఇంజినీరింగు. పొట్టకోసం రాసేది కోడు. కవిత్వం నా చేతిలో ఎప్పుడూ కంపైల్ కాలేదు. అందుకని సాహిత్య సభలో మాట్లాడమని నిర్వాహకులు అడిగితే మొదట తప్పించుకోబోయాను. "మీకు నచ్చిన మనిషి గురించి చెప్పండి, ఇరవై నిమిషాలు దాటకండి" అన్నారు. నాకు నచ్చిన ఆ మనిషి తెలుగువాడు కాడు, కవీ కాడు. కాలేజీ రోజుల్లో పద్యం రాసి బహుమతి కొట్టాడుగానీ, తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళిపోయాడు. పేరు విలియం యూవర్ట్. 1798లో లివర్‌పూల్‌లో పుట్టి 1869లో పోయాడు. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మా ఆఫీసు వాళ్ళని అడిగాను. ఒక్కరికీ తెలియదు. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఒక శనివారం మా పేట లైబ్రరీ మూసి ఉండడం వల్ల తెలిసింది.

ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నేను ఈ దేశానికి 2006లో వచ్చాను. 2009లో మాంద్యం పుణ్యమా అని నా కాంట్రాక్టు పోయింది. అప్పటికి మా అమ్మాయికి ఏడాది. ఇంట్లో ఒకటే గది. పిల్ల ఏడుపు మధ్య ఇంటర్వ్యూలకి తయారవడం కుదరక, పొద్దున్నే ఇంత పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని మా పేట లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. వెచ్చగా ఉండేది. కంప్యూటరు ఉచితం. పుస్తకాలు ఉచితం. సీవీ ప్రింటు తీసుకుంటే మాత్రం కాగితానికి పది పెన్నీలు. నాలుగు నెలలు అక్కడే గడిపాను. "నువ్వెవరు, ఎందుకొచ్చావు, వీసా ఏది" అని ఆ నాలుగు నెలల్లో నన్నెవరూ అడగలేదు. ఐదో నెలలో ఉద్యోగం వచ్చింది. అంతే, లైబ్రరీని మర్చిపోయాను. అవసరం తీరాక తెప్ప తగలేసే రకం మనిషిని నేనొక్కణ్ణే కాదనుకుంటాను.

కొన్నేళ్ళు గడిచాయి. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ఒక శనివారం అదే లైబ్రరీకి తీసుకెళితే తలుపు వేసి ఉంది. వారానికి మూడు రోజులే తెరుస్తామని కాగితం అంటించారు. అందులో శనివారం లేదు. పిల్ల మొహం చూడలేక కారు తిప్పి, థేమ్స్ ఒడ్డున హాంప్టన్‌లో ఉన్న లైబ్రరీకి తీసుకెళ్ళాను. రోజ్‌హిల్ అనే పాత ఇల్లది. గోడ మీద గుండ్రటి స్మారక ఫలకం ఉంది. దాని మీద రెండు పేర్లు. ఒకటి జాన్ బియర్డ్ అనే పద్దెనిమిదో శతాబ్దపు గాయకుడిది. రెండోది ప్రజా గ్రంథాలయాల కోసం పాటుపడిన విలియం యూవర్ట్‌ది. ఆయన కొంతకాలం ఆ ఇంట్లోనే ఉన్నాడట. లైబ్రరీలు పెట్టించిన మనిషి ఇల్లే లైబ్రరీ అయిందన్నమాట! పిల్ల తన పని చేసుకుంటుంటే నేను ఒక కుర్చీ లాక్కుని ఆయన సంగతి చదవడం మొదలుపెట్టాను.

యూవర్ట్ తాత స్కాట్లండులో డంఫ్రీస్ దగ్గర ఒక చర్చిలో మత గురువు. ఆయన కొడుకుల్లో ఒకాయన పీటర్, మనలాగే ఇంజినీరు. జేమ్స్ వాట్ కంపెనీతో కలిసి ఆవిరి యంత్రాల మీద పనిచేశాడు. 1842లో వులిచ్ ఓడల కర్మాగారంలో గొలుసు తెగి, పని చేస్తున్న చోటే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంకో కొడుకు విలియం లివర్‌పూల్ చేరి పెద్ద వర్తకుడయ్యాడు. ఆయన ఎంత పెద్దవాడంటే, తోటి వర్తకుడు జాన్ గ్లాడ్‌స్టన్ తన కొడుక్కి ఈయన పేరే పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడే తర్వాత నాలుగుసార్లు ప్రధానమంత్రి అయిన విలియం యూవర్ట్ గ్లాడ్‌స్టన్. పేరు పెట్టించుకున్న పిల్లవాడు చరిత్రకెక్కాడు. ఆ వర్తకుడి సొంత కొడుకు, మన కథానాయకుడు, ఫలకం మీద మిగిలాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో లివర్‌పూల్ రేవులో దిగే పత్తిలో ఎక్కువ భాగం అమెరికాలో బానిసలు పండించింది. యూవర్టుల కుటుంబ వ్యాపారంలో ఆ పత్తి ఉంది. గ్లాడ్‌స్టన్ తండ్రికైతే డెమరారాలో చెరకు తోటలు, వాటిలో బానిసలు ఉండేవారు. మన కథానాయకుణ్ణి ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివించిన డబ్బు ఆ రేవు నుంచి వచ్చిందే. ఆయన చేసిన మంచి పనులు చెప్పబోయే ముందు ఈ లెక్క కూడా పుస్తకంలో రాసుకోవాలి. జమలు మాత్రమే రాసి ఖర్చులు వదిలేస్తే అది లెక్క కాదు.

రాజకీయ ప్రవేశం కూడా ఏమంత పవిత్రంగా జరగలేదు. న్యాయవాద పట్టా పుచ్చుకుని 1828లో బ్లెచింగ్లీ అనే చిన్న నియోజకవర్గం నుంచి పార్లమెంటుకి వెళ్ళాడు. అది భూస్వామి జేబులో ఉండే సీటు, ఓటర్లు నామమాత్రం. 1830 సెప్టెంబరులో లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు మార్గం ప్రారంభోత్సవం నాడు లివర్‌పూల్ ఎంపీ హస్కిసన్ రైలింజన్ కింద పడి చనిపోయాడు. ఆ ఖాళీకి నవంబరులో ఉప ఎన్నిక వచ్చింది. రెండు పక్షాలూ ఓట్లు బాహాటంగా కొన్నాయి. ఓటు ధర పూటపూటకీ పెరిగింది. మన ఊళ్ళలో ఎన్నికల ముందు రాత్రి కవర్లు పంచడం మనమే కనిపెట్టామని అనుకుంటాం గానీ, ఆ విద్యకి ఇక్కడ చాలా పాత చరిత్ర ఉంది. యూవర్ట్ 29 ఓట్ల తేడాతో గెలిచాడు. లంచాల మీద ఫిర్యాదు వెళితే పార్లమెంటు ఆ ఎన్నికని కొట్టేసింది. 1831 సాధారణ ఎన్నికల్లో మళ్ళీ నిలబడి గెలిచాడు.

అంతవరకే చదివితే ఇంకో డబ్బున్న రాజకీయ నాయకుడని పుస్తకం మూసేసేవాణ్ణి. ఆ తర్వాతి ముప్ఫై ఏడేళ్ళే నన్ను కూర్చోబెట్టాయి. 1837లో లివర్‌పూల్‌లో ఓడిపోయాడు. అదే సంవత్సరం భార్య చనిపోయింది. చిన్న పిల్లలు. అయినా 1839లో విగన్ నుంచి తిరిగి వచ్చాడు. 1841 నుంచి 1868 దాకా తాతగారి ప్రాంతమైన డంఫ్రీస్ ఆయన్ని పంపుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. చేసిందల్లా, ప్రభుత్వం పట్టించుకోని పనిని ఒక సాధారణ సభ్యుడిగా ఎత్తుకోవడం, బిల్లు పెట్టడం, ఓడిపోవడం, మళ్ళీ పెట్టడం.

ఉరి తీసిన మనిషి శవాన్ని గొలుసులకు కట్టి దారి పక్కన వేలాడదీసే ఆచారం ఈ దేశంలో ఉండేది. దాన్ని 1834లో రద్దు చేయించిన బిల్లు ఆయనదే. పెద్ద నేరం మోపబడ్డ మనిషి తరఫు వకీలు జ్యూరీతో నేరుగా మాట్లాడడానికి అప్పట్లో వీల్లేదు. ఆ హక్కు కోసం ఆయన ఏటేటా బిల్లు పెడితే 1836లో వచ్చింది. మరణశిక్షే వద్దని 1840లో తీర్మానం పెట్టి ఓడిపోయాడు. తర్వాత మళ్ళీ మళ్ళీ ఓడిపోయాడు. 1864లో ఆయన పట్టుబట్టడంతో రాయల్ కమిషన్ వేశారు. అందులో ఆయనా సభ్యుడు. దాని ఫలితంగా 1868లో నడిబజార్లో ఉరితీయడం మాత్రం ఆగింది. హత్యకు మరణశిక్ష పోవడానికి ఇంకో వందేళ్ళు, అంటే 1965 దాకా పట్టింది.

ఇంజినీర్లకి నచ్చే పని ఒకటి చేశాడు. మీటరు, కిలోగ్రాము లెక్కల్ని ఈ దేశంలో తేవాలని పోరాడాడు. తప్పనిసరి చేయాలని ఆయన కోరిక. 1864లో "ఒప్పందాల్లో కావాలంటే వాడుకోండి" అనేంతవరకు చట్టం వచ్చింది. ఈ సభకి వస్తూ మీరు మోటర్‌వే మీద చూసిన బోర్డులు ఇంకా మైళ్ళలోనే ఉన్నాయి. ఆ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉందన్నమాట!

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. 1840ల ఇంగ్లండులో పుస్తకం ధనవంతుల సరుకు. చందా కట్టేవాళ్ళకి లైబ్రరీలు ఉండేవి. బ్రిటిష్ మ్యూజియంలో చదవాలంటే పెద్దమనిషి సిఫారసు కావాలి. ఎవరొచ్చినా తలుపు తీసే గ్రంథాలయాలు, మాంచెస్టర్‌లో 1653 నాటి చెథమ్స్ లాంటివి, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ బ్రిటిష్ మ్యూజియంలోనే ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ అని ఒక చిన్న ఉద్యోగి ఉండేవాడు. తాపీమేస్త్రీ కొడుకు. తనూ తాపీ పని నేర్చుకుంటూనే సొంతంగా చదువుకుని పైకొచ్చాడు. యూరప్ నగరాల్లో ప్రజలకి ఎన్ని గ్రంథాలయాలున్నాయి, బ్రిటన్‌లో ఎన్ని ఉన్నాయి అని అంకెలు పోగేసి వ్యాసం రాశాడు. ఆ అంకెలు యూవర్ట్ కంటపడ్డాయి. 1849లో పార్లమెంటు విచారణ సంఘం వేయించి, తనే అధ్యక్షుడిగా కూర్చుని, ఎడ్వర్డ్స్‌ని సాక్షిగా పిలిచాడు. ఈటన్‌లో చదివిన వర్తకుడి కొడుకూ, బడి మొహం పెద్దగా చూడని మేస్త్రీ కొడుకూ కలిస్తేగానీ ఈ పని కాలేదు.

1850 మార్చిలో బిల్లు చర్చకొచ్చింది. అభ్యంతరాలు ఎలాంటివంటే, పనివాళ్ళు చదివితే చెడిపోతారన్నారు. లైబ్రరీలు రాజకీయ ఉపన్యాసాల అడ్డాలవుతాయన్నారు. పన్ను భారం అన్నారు. లింకన్ ఎంపీ కర్నల్ సిబ్‌తార్ప్ అయితే తనకసలు చదవడమే ఇష్టం లేదని, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు కూడా అసహ్యంగా ఉండేదని సభలోనే చెప్పాడు. ఆయన నిజాయితీకి మెచ్చుకోవాలి! బిల్లు రెండో పఠనంలో 118కి 101 ఓట్లతో గట్టెక్కింది. పదిహేడు ఓట్ల తేడా. ఆ ఆగస్టులో చట్టమైంది.

ఎలాంటి చట్టం? పదివేల జనాభా దాటిన పట్టణాలకి మాత్రమే. అదీ పన్ను కట్టేవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఓటు వేసి ఒప్పుకుంటేనే. పన్ను పౌనుకి అర పెన్నీ మించకూడదు. అప్పట్లో పౌనుకి 240 పెన్నీలు కాబట్టి 480 వంతుల్లో ఒక వంతు. ఆ డబ్బుతో భవనం కట్టొచ్చు, జీతాలివ్వొచ్చు. పుస్తకాలు మాత్రం కొనకూడదు! పుస్తకాలు ఎవరైనా దానం చేస్తే పెట్టుకోవాలి. ఇది మా అమ్మాయికి చెబితే "నాన్నా, బుక్స్ కొనకపోతే అది లైబ్రరీ ఎలా అవుతుంది?" అంది. నిజమే. డేటా లేకుండా డేటాబేసు కట్టినట్టు.

నేనైతే ఆ షరతు చూసి బిల్లు వెనక్కి తీసుకునేవాణ్ణి. సగం తెగిన పనికి నా పేరు ఎందుకని అలిగేవాణ్ణి. యూవర్ట్ అలగలేదు. ముందు తలుపు తెరుచుకోనీ, బీరువాలు తర్వాత నింపుదాం అన్నట్టు ఒప్పుకున్నాడు. నారిచ్ పట్టణం వెంటనే చట్టాన్ని స్వీకరించింది. 1851లో వించెస్టర్ లైబ్రరీ తెరిచింది. మాంచెస్టర్‌లో ఓటు పెడితే 3,962 మంది సరే అన్నారు, వద్దన్నది 40 మంది. జనం చందాలేసుకుని పుస్తకాలు కొన్నారు. 1852లో ప్రారంభోత్సవానికి డికెన్స్, థాకరే వచ్చారు. తాపీమేస్త్రీ కొడుకు ఎడ్వర్డ్స్ అక్కడ మొదటి లైబ్రేరియన్ అయ్యాడు. అదే 1852లో బర్మింగ్‌హామ్ మాత్రం వద్దు పొమ్మంది. 1860కి గానీ మనసు మార్చుకోలేదు.

అక్కణ్ణుంచి ప్యాచ్ మీద ప్యాచ్. 1855లో అర పెన్నీ ఒక పెన్నీ అయింది, పుస్తకాలు కొనే అనుమతి వచ్చింది. 1919లో పెన్నీ హద్దు పోయింది, పల్లెలకి కూడా లైబ్రరీలొచ్చాయి. 1964 చట్టం గ్రంథాలయ సేవని స్థానిక సంస్థల బాధ్యతగా చేసింది. 2009లో నేను పెరుగన్నం డబ్బాతో వెళ్ళి కూర్చున్న కుర్చీ 1850 నాటి ఆ లోపాల పుట్ట చట్టం నుంచి వచ్చిందే.

ఎడ్వర్డ్స్ కథ అంత సుఖంగా ముగియలేదని కూడా చెప్పాలి. పాలక సంఘంతో పడక 1858లో ఉద్యోగం పోయింది. 1886లో పేదరికంలోనే చనిపోయాడు. యూవర్ట్ కూతురు మేరీ ఆన్ మాత్రం తండ్రి దారిలో నడిచి, ఆడపిల్లల ఉన్నత విద్యకి, కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలకి అండగా నిలిచింది.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ కదా, మనకేమిటి అని మీకు అనిపించవచ్చు. మద్రాసు విశ్వవిద్యాలయం తన మొదటి లైబ్రేరియన్‌గా 1924లో ఎస్.ఆర్. రంగనాథన్ అనే లెక్కల మాస్టార్ని తీసుకుని లండన్ పంపింది. ఈ దేశపు ప్రజా గ్రంథాలయాలు చూసి ఆయన మనసు మారింది. ఆయన పట్టుదలతో 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చట్టాలొచ్చాయి. ఇంటి పన్ను మీద రూపాయికి ఇన్ని పైసలని గ్రంథాలయ సెస్సు పెట్టారు. యూవర్ట్ అర పెన్నీ మన ఊరికొచ్చి పైసలైందన్నమాట.

అయితే మనవాళ్ళు చట్టం కోసం చూస్తూ కూర్చోలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసుకుని ఊరూరూ తిప్పారు. నేను ఆరో తరగతిలో చందమామలు చదివిన మా ఊరి శాఖా గ్రంథాలయం ఆ చెట్టు కొమ్మే. బల్ల మీద పేపరు కోసం పెద్దవాళ్ళు ఎదురుచూస్తుంటే, మధ్య పేజీ లాగి సినిమా బొమ్మలు చూసినందుకు చీవాట్లు కూడా తిన్నాను.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకుంటాను. మా పేట లైబ్రరీ శనివారాలు మూయడానికి ముందు కౌన్సిల్ వాళ్ళు జనాభిప్రాయం అడిగారు. ఇంటికి కాగితం వచ్చింది. నాలుగు ప్రశ్నలు. పిజ్జా కాగితాలతో పాటు అదీ వారం రోజులు మా ఫ్రిజ్ మీద ఉంది. తర్వాత చెత్తలోకి వెళ్ళింది. ఆ నెలలోనే ఉగాది కార్యక్రమం పులిహోరకి ఎంత చింతపండు కావాలన్న విషయం మీద మా వాట్సాప్ గుంపులో చాలా సుదీర్ఘమైన చర్చ జరిగింది. దాంట్లో నేనూ శక్తివంచన లేకుండా పాల్గొన్నాను. ఆ గుంపులో నలభై కుటుంబాలున్నాయి. తర్వాత అడిగి చూశాను. ఆ నాలుగు ప్రశ్నలకి జవాబు రాసిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. మన పిల్లలు పుస్తకాలు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు కదా అన్నారొకరు. నేనేమీ అనలేకపోయాను. ఉద్యోగం పోయిన నాలుగు నెలలూ నేనెక్కడ కూర్చున్నానో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు కదా! సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఈ రోజే మొదటిసారి చెబుతున్నాను.

2010 తర్వాత ఈ దేశంలో వందల కొద్దీ లైబ్రరీలు మూతపడ్డాయి. మూసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళ లెక్కలు వాళ్ళవి. కానీ 118కి 101తో గెలిచిన వస్తువు అది. అక్కడ ఇంకో తొమ్మిది మంది అటు తిరిగి ఉంటే 1850లో ఆ చట్టం లేదు. కాగితం నింపని మా నలభై ఇళ్ళు ఆ లెక్కలో ఎటువైపు పడ్డట్టు?

యూవర్ట్‌లో నాకు నచ్చింది ఆయన గొప్పతనం కాదు. పుట్టుకతో ఇల్లు నిండా పుస్తకాలున్న మనిషికి, ప్రజా గ్రంథాలయంతో సొంత అవసరం ఏమీ లేదు. అయినా దానికోసం మాటలు పడ్డాడు. నాకు అవసరం ఉండింది, తీరింది, నేను కాగితం పారేశాను. మనం ఇక్కడ గుళ్ళు కట్టుకున్నాం, బడులు పెట్టుకున్నాం, ఇంత పెద్ద సభలు జరుపుకుంటున్నాం. మంచిదే. వాటితో పాటు, ముక్కూ మొహం తెలియని మనకి కుర్చీ వేసిన చోట్లు కూడా మనవేనని అనుకోవాలి. పన్ను మనమూ కడుతున్నాం.

ఆఖరుగా ఒక విషయం. 1863లో ఆయన పార్లమెంటులో ఇంకో చిన్న సూచన చేశాడు. పేరున్నవాళ్ళు నివసించిన ఇళ్ళ మీద గుర్తు బిళ్ళలు పెడితే బాగుంటుందన్నాడు. 1867లో కవి బైరన్ ఇంటితో అది మొదలైంది. లండన్‌లో గాంధీగారి పేరు, నెహ్రూగారి పేరు గోడల మీద చూసి మనం ఫొటోలు దిగే నీలి ఫలకాల పథకం అదే. హాంప్టన్‌లో మా అమ్మాయి నాకు చూపించిందీ ఆ వరసలోదే.

మా పేట లైబ్రరీ ఇప్పుడు వాలంటీర్ల సాయంతో శనివారం రెండు గంటలు తెరుస్తున్నారు. పది నుంచి పన్నెండు దాకా. రెండు శనివారాలకొకసారి నేను వెళ్ళి పుస్తకాలు సర్దుతున్నాను. పోయిన నెల ఒక కుర్రాడు లాప్‌టాప్ ముందు సీవీ సర్దుకుంటూ కనిపించాడు. పక్కన టిఫిన్ డబ్బా. "మీది ఏ ఊరు బాబూ?" అని తెలుగులో అడిగాను. ఉలిక్కిపడి, "తెనాలి అండీ" అన్నాడు. ప్రింటుకి పది పెన్నీలు ఇప్పుడు ఇరవై అయ్యాయి. ఆ ఇరవై నేనే వేశాను.

మీ పేట లైబ్రరీ ఏ రోజు తెరుస్తారో ఇంటికెళ్ళాక ఒకసారి చూడండి. ఇరవై నిమిషాలు దాటాను, నిర్వాహకులు క్షమించాలి. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట.